హద్దున ఉన్న ఊరొక్కటే మోయాలా?

విడపనకల్లు అనంతపురం జిల్లాకు పడమటి హద్దున, గుంతకల్లు నుంచి బళ్లారికి పోయే దారి మీద ఉంది. నల్లరేగడి నేల, నమ్మలేని వాన. పప్పుశనగ వేసినా, పత్తి వేసినా, మిరప వేసినా రైతు మొగులు వైపు చూస్తూ ఉండాల్సిందే. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ సగటైనా ఏటా పడుతుందన్న భరోసా లేదు. ఊరు ఉన్నచోటే ఉంది గానీ దాని చుట్టూ హద్దులు చాలాసార్లు మారాయి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అప్పటి నుంచి ఇది దత్తమండలాల్లో భాగమైంది. 1882లో బళ్లారి జిల్లాను చీల్చి అనంతపురం జిల్లా చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజునే బళ్లారి మైసూరుకు పోయింది. నిన్నటిదాకా పక్క జిల్లాగా ఉన్నది మరునాటికి వేరే రాష్ట్రమైంది. ఇలాంటి హద్దుల్లో బతికే ఊళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. అవతల యుద్ధమొచ్చినా, కరువొచ్చినా, ప్రాణభయంతో పరుగెత్తుకొచ్చిన మనిషి ముందుగా తట్టేది ఇవతలి మొదటి ఊరి తలుపునే. ఆ ఊరు తలుపు తీసి గంజి పోయడం మనిషితనం. ఆ గంజి ఖర్చంతా ఆ ఊరే పెట్టుకోవాలని తక్కినవాళ్లు ఊరుకోవడం అన్యాయం. ఆశ్రయమిచ్చే చోటు ఒకటి, ఖర్చు భరించే చోటు మరొకటి కావచ్చునని, అలా విడదీసినప్పుడే న్యాయం కుదురుతుందని ఈ సీమ గత చరిత్ర, మన దేశ చరిత్ర రుజువు చేస్తున్నాయన్నది నా వాదన.

ఈ ప్రశ్న ఇవాళ గట్టిగా వినిపిస్తున్నది యూరప్‌లో. 1990లో కుదిరిన డబ్లిన్ ఒప్పందం ప్రకారం శరణు కోరే మనిషి ముందుగా అడుగుపెట్టిన దేశమే సాధారణంగా అతని దరఖాస్తుకు బాధ్యత వహించాలి. కాగితం మీద సరళంగా కనిపించే ఈ సూత్రం ఆచరణలో గ్రీసు, ఇటలీల నెత్తిన పడింది, ఎందుకంటే సిరియా నుంచి, ఆఫ్రికా నుంచి పడవలు చేరేది ఆ తీరాలకే. 2015 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ ఆ రెండు దేశాల నుంచి 1,60,000 మందిని తక్కిన దేశాలు వాటాలు వేసుకొని తీసుకోవాలని తీర్మానించింది. హంగరీ, స్లొవేకియా కోర్టుకెక్కి 2017లో ఓడిపోయాయి. అయినా చివరికి అలా తరలినవాళ్లు దాదాపు 35,000 మందే. హంగరీ, పోలండ్ ఒక్కరినీ తీసుకోలేదు. వాటా వేయడం తప్పు కాదు. కష్టం ముంచుకొచ్చాక, గొంతు మీద కత్తి ఉన్నప్పుడు వాటా గీయబోవడమూ, మనుషులను సామాను బస్తాల్లా లెక్కగట్టడమూ ఆ పథకాన్ని దెబ్బతీశాయి. ఈ రెండు పొరపాట్లూ మనకు కొత్తవి కావు. వాటికి మనమెంత మూల్యం చెల్లించామో, ఎక్కడ సరిదిద్దుకున్నామో చూస్తే యూరప్‌కే కాదు, మనకూ పనికొచ్చే పాఠం దొరుకుతుంది.

ముందు ఈ సీమలోనే మొదలుపెడదాం. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని చెండాడిన ధాత కరువు దత్తమండలాలను అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతీసింది. 1871 జనగణనలో దాదాపు 7.4 లక్షలున్న అనంతపురం ప్రాంతపు జనాభా 1881 నాటికి 6 లక్షలకు పడిపోయింది. అంటే పదేళ్లలో అయిదో వంతు మనుషులు లేకుండా పోయారు. ఆ రోజుల్లో బతికి ఉన్నవాడికి రెండే దారులు: రోడ్లు వేసే, చెరువులు తవ్వే కరువు పనులకు పోవడం, లేదా గంజి దొరికే పట్నం వైపు నడవడం. రైలు దారి ఉన్న ఊళ్లకు, తాలూకా కేంద్రాలకు, బళ్లారికి జనం మందలుగా చేరారు. 1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి పనివాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, కొద్ది చిల్లరకు కుదించాడు. అంత తిండితో మనిషి పనిచేస్తూ బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదిరించాడు. ఆ కొట్లాట వైద్యం గురించే అనిపిస్తుంది గానీ అసలు ప్రశ్న ఖజానాది. ఈ ప్రాణాల ఖర్చు కరువు పడ్డ జిల్లాదా, ప్రెసిడెన్సీదా, సామ్రాజ్యానిదా? ఆ ప్రశ్నకు ముందే జవాబు రాసుకోకపోవడం వల్ల ప్రతి నెలా ఎవరో ఒకరు ఖర్చును మరొకరి మీదికి నెట్టబోయారు. ఆ నెట్టుడులో నలిగింది గంజి కేంద్రం ముందు వరుసలో కూర్చున్న మనిషి.

ఆ చావుల తర్వాత ప్రభుత్వం రెండు పనులు చేసింది. 1880 నాటి కరువు కమిషన్ కరువులో ప్రాణాలు కాపాడడం ప్రభుత్వ విధి అని తేల్చి, దానికి రాతపూర్వకమైన నిబంధనలు ఉండాలంది. ఆ పునాది మీదే కరువు నియమావళులు వచ్చాయి. దానికి ముందే ఏటా కోటిన్నర రూపాయలు కరువు బీమా నిధిగా పక్కన పెట్టాలని నిర్ణయించి కొత్త పన్నులు వేశారు. ఈ రెండో పని నా వాదనకు ముఖ్యం. వాన పడిన జిల్లావాడి పన్ను వాన పడని జిల్లావాడికి అక్కరకొచ్చేలా, బాగున్న ఏడు చెడ్డ ఏటికి ఆదుకునేలా లెక్క కట్టడం అదే మొదలు. కానీ అఫ్గాన్ యుద్ధం రాగానే ఆ డబ్బు అటు మళ్లిందని అప్పటి పత్రికలు, ప్రజానాయకులు తీవ్రంగా నిలదీశారు. కరువు మీద రెండు సంపుటాల గ్రంథం రాసిన విలియం డిగ్బీ ఆ విమర్శకుల్లో ముందున్నాడు. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. ఉమ్మడి నిధి పెట్టడంతో పని అయిపోదు. దాన్ని మరోదానికి వాడకుండా కాపాడే కట్టడి లేకపోతే, ఆ నిధి అవసరం పడ్డ రోజుకు ఖాళీగా కనిపిస్తుంది.

యుద్ధం వెళ్లగొట్టిన తెలుగువాళ్ల కథ 1942లో వస్తుంది. కాకినాడ, విశాఖపట్నం, కోరంగి రేవుల నుంచి తరతరాలుగా కూలికి, వర్తకానికి బర్మా వెళ్లిన మన జనం 1931 నాటికి లక్షన్నర పైనే ఉన్నారు. రంగూను రేవులో మూటలు మోసింది, మిల్లుల్లో వడ్లు దంచింది, వీధులు ఊడ్చింది ఎక్కువగా వాళ్లే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాను చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరకనివాళ్లు అరకాను కనుమల గుండా చిట్టగాంగుకు, మరికొందరు తమూ, ఇంఫాల్, దీమాపూరుల మీదుగా నడిచారు. లక్షల మంది బయలుదేరారు. వేలకు వేలు దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి రాలిపోయారు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అన్న వివక్ష మీద కేంద్ర శాసనసభలో నిరసన చెలరేగింది. దారిలో తేయాకు తోటల సంఘం కూలీలను పెట్టి శిబిరాలు కట్టింది. ఆ సాయాన్ని మరవకూడదు. కానీ ఇల్లు చేరినవాడి సంగతి? అతను చేరింది గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల్లో అప్పటికే అంతంత మాత్రంగా బతుకుతున్న అన్నదమ్ముల ఇళ్లకు. పైగా 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. వచ్చినవాడికి, ఆశ్రయమిచ్చినవాడికి ఒకే భయం, ఒకే ఆకలి. సామ్రాజ్యం చేసిన యుద్ధానికి ఆ తీర జిల్లాల పేద బంధువులు అన్నం పెట్టి మూల్యం చెల్లించారు. 1964లో బర్మాలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మళ్లీ లక్షల మంది తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నిలిచే ఉంది.

1942 తర్వాత ఆరేళ్లు తిరగకుండానే యుద్ధం లాంటిది ఈ పీఠభూమి అంచుకే వచ్చింది. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం చేసుకున్నా హైదరాబాదు సంస్థానంలో రజాకార్ల హింస పెరిగిపోయింది. సంస్థానపు పల్లెల నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకొని, కొందరు కట్టుబట్టలతో, తుంగభద్ర, కృష్ణ దాటి మద్రాసు ప్రాంతంలోకి వచ్చాయి. కృష్ణా జిల్లా హద్దు ఊళ్లు, కర్నూలు, అప్పటికి మద్రాసులోనే ఉన్న బళ్లారి, అటు బొంబాయి వైపు షోలాపూరు ఆ తాకిడిని ముందు భరించాయి. ఆ హద్దులోనే కాంగ్రెసు శిబిరాలు వెలిశాయి. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన పోలీసు చర్యతో ఆ రాక ఆగింది. అయితే వెంటనే ఎదురు ప్రవాహం మొదలైంది. మరాఠ్వాడా, కర్ణాటక పల్లెల్లో ముస్లింల మీద హత్యాకాండ జరిగి, బతికి బయటపడ్డవాళ్లు హైదరాబాదు నగరానికి పరుగెత్తారు. సుందర్‌లాల్ కమిటీ ఆ మృతులను 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఆశ్రయం పొందేవాళ్ల మతం మారింది గానీ సూత్రం మారలేదు. దగ్గరున్న ఊరు, దగ్గరున్న నగరం తమ వంతుకు మించి మోశాయి. దూరాన ఉన్న జిల్లాలు వార్త చదివి బాధపడ్డాయి.

ఆ కాలంలోనే అదే తుంగభద్ర మీద మరో కథ నడిచింది. 1945 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం, నిజాం ప్రభుత్వం చెరో గట్టున ఉమ్మడి ఆనకట్టకు శంకుస్థాపన చేశాయి. ఒకటి బ్రిటిష్ ప్రాంతం, మరొకటి సంస్థానం. ఒకదానికొకటి లోబడనివి. మధ్యలో 1948 గండం వచ్చి పోయింది. అయినా 1953 నాటికి ఆనకట్ట పూర్తయింది, రాష్ట్రాల విభజనతో పాటే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. విడపనకల్లు ఉన్న ఉరవకొండ సీమకు నీళ్లు తెచ్చే ఎగువ కాలువను జనం హెచ్చెల్సీ అంటారు. బచావత్ ట్రైబ్యునల్ ఆ కాలువ నీటిలో ఆంధ్రకు 32.5 టీఎంసీలు, కర్ణాటకకు 17.5 టీఎంసీలు కేటాయించింది. ఆనకట్టలో పూడిక చేరి నీళ్లు తగ్గాయి. అయినా బోర్డు ఏటా రాబోయే నీటిని అంచనా వేసి, తగ్గితే తగ్గినదాన్ని అదే నిష్పత్తిలో పంచుతుంది. పై ఊళ్లవాళ్లు ఎక్కువ తోడుకున్నారన్న తగాదాలు లేవని కాదు, ప్రతి ఏడూ ఉన్నాయి. కానీ ఆ తగాదాకు ఒక కొలత ఉంది, ఒక లెక్క ఉంది, వినే బోర్డు ఉంది. కాందిశీకుల భారానికి కావలసింది సరిగ్గా అలాంటి ఏర్పాటే: కరువు రాకముందే రాసుకున్న నిష్పత్తి, ఏటా సరిచూసే లెక్క, ఫిర్యాదు వినే సంస్థ.

అలాంటి కొలత లేకుండా మనుషులనే పంచబోతే ఏమవుతుందో దండకారణ్యం చెబుతుంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులతో పశ్చిమ బెంగాల్ కిక్కిరిసింది. తక్కిన రాష్ట్రాలూ వంతు పంచుకోవాలని అది కోరింది. ఆ కోరిక న్యాయమైనదే. 1957లో ఆంధ్ర, మధ్యప్రదేశ్, ఒరిస్సా అడవి ప్రాంతాలను పరిశీలించారు; చివరకు బస్తర్, కోరాపుట్, కలహండి జిల్లాల్లో స్థలం నిర్ణయించి 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను పెట్టారు. పటం మీద ఆ నేల ఖాళీగా కనిపించింది. నిజానికి అది ఆదివాసుల అడవి, వాళ్ల పోడు, వాళ్ల పశువుల మేత. పైరు పండే చోట ఎప్పటినుంచో మనుషులు ఉంటారు. మనుషులు తక్కువగా ఉన్నచోట చాలాసార్లు నీళ్లే ఉండవు. వరి, చేపలు, నదులు తెలిసిన తూర్పు బెంగాల్ రైతును రాతి నేల మీద, వాన మీదే ఆధారపడే చేలో నిలబెట్టారు. సంస్థ అధ్యక్షుడిగా పనిచేసి 1964లో తప్పుకున్న శైబాల్ కుమార్ గుప్తా ఆ భూముల పేదతనాన్ని, సాగునీటి లేమిని తర్వాత బయటపెట్టి రాశాడు. 1978లో లక్ష మందికి పైగా కాందిశీకులు ఇళ్లు వదిలి తిరిగి బెంగాల్ బాట పట్టారు. సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నవాళ్లను 1979 జనవరిలో దిగ్బంధించారు. 31న పోలీసులు కాల్పులు జరిపారు. మే నెలలో బలవంతంగా ఖాళీ చేయించారు. అప్పటి ఆదిలాబాదు జిల్లా కాగజ్‌నగర్ వైపు స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు మాత్రం నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ లాంటి పేర్లతో ఊళ్లు కట్టుకొని నిలబడ్డాయి. ఎక్కడైనా ఒకటే తేడా: నీళ్లు, పని దొరికినచోట మనిషి వేళ్లూనుకున్నాడు, దొరకనిచోట రెండోసారి కాందిశీకుడయ్యాడు.

1971లో మన దేశం మరో దారి పట్టింది. ఆ ఏడాది పాకిస్తాన్ సైన్యం దాడులకు తాళలేక వచ్చినవాళ్లు అధికారిక లెక్క ప్రకారం 98,99,305 మంది. దాదాపు 75 లక్షలు పశ్చిమ బెంగాల్‌లోనే. అప్పటికి 15.56 లక్షల జనాభా ఉన్న త్రిపురకు 14 లక్షల మంది వచ్చిపడ్డారు. సొంత జనానికి దాదాపు సమానంగా అతిథులు. కొందరిని అప్పటి మధ్యప్రదేశ్‌లోని మానా లాంటి శిబిరాలకు తరలించారు. కానీ అసలు పంపకం జరిగింది మనుషుల్లో కాదు, ఖర్చులో. శిబిరాల వ్యయం కేంద్రం భరించింది. దాని కోసం దేశమంతటా పన్ను వేసింది. తపాలా వస్తువుల మీద పన్ను చట్టం, రైలు చార్జీల చట్టం, దేశీయ విమాన ప్రయాణ పన్ను చట్టం, మూడూ 1971లోనే వచ్చాయి. నవంబరు 15 నుంచి టపా మీద అదనంగా 5 పైసల కాందిశీక సహాయ బిళ్ల అంటించాలి. కొత్త బిళ్ల తయారయ్యేదాకా కుటుంబ నియంత్రణ బిళ్ల మీదే ఆ మాట అచ్చు కొట్టి వాడారు. గుంతకల్లు జంక్షన్‌లో రైలు టికెట్టు కొన్నవాడు, ఉరవకొండ పోస్టాఫీసులో ఉత్తరం వేసినవాడు, అగర్తలా శిబిరంలో గిన్నె పట్టుకు నిలబడ్డ మనిషికి తన వంతు చెల్లించాడు. 1973 మార్చి దాకా ఆ బిళ్ల నడిచింది. కరువు సీమ మీద ఒక్క శిబిరమూ పెట్టలేదు; అయినా కరువు సీమ తప్పించుకోలేదు. నేను న్యాయమైన పంపకమని పిలిచేది దీన్ని.

శ్రీలంక విషయంలోనూ ఇదే బుద్ధి కొంత పనిచేసింది. 1964 అక్టోబరు 30 నాటి శాస్త్రి-సిరిమావో ఒప్పందంలో భారత్ 5,25,000 మంది తోట కూలీలను తీసుకోడానికి ఒప్పుకుంది. వాళ్లలో అత్యధికులు తమిళులు కాబట్టి సహజంగా తమిళనాడు చేరారు. అయినా బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకులో కేంద్రంతో పాటు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలూ వాటాదారులయ్యాయి. వాళ్లు మా భాషవాళ్లు కాదు, మాకేం సంబంధమని ఆంధ్ర ప్రభుత్వం అనలేదు. మనిషి తన భాష, తన బంధువు, తన పని ఉన్నచోటికి పోయాడు. డబ్బు నలుగురి నుంచీ వచ్చింది. ఆ తర్వాత 1983 నుంచి అంతర్యుద్ధానికి పారిపోయి వచ్చిన లంక తమిళులను ప్రధానంగా తమిళనాడే భరించింది. ఖర్చు కేంద్రం తిరిగి చెల్లించింది. ఆ ఏర్పాటులో లోపాలున్నాయి. దశాబ్దాలు గడిచినా శిబిరాల్లోనే పుట్టి పెరిగిన పిల్లలకు పౌరసత్వం దొరకని బాధ ఇంకా మిగిలే ఉంది. భారం పంచుకోవడం మొదటి మెట్టే. వచ్చినవాడికి స్థిరమైన హక్కు ఇవ్వడం రెండోది.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం చాలా గట్టిది. డబ్బు పారేసి మనుషులను దూరంగా ఉంచడం మనస్సాక్షిని కొనుక్కోవడం కాదా అని అడుగుతారు. ధనిక దేశం చెక్కు రాసి, పేద దేశం తలుపు తెరిచి ఉంచాలంటే అది పాత అంటరానితనానికి కొత్త రూపం అవుతుంది. ఈ మాటలో నిజం ఉంది. అందుకే ఖర్చు పంచడం ఒక్కటే చాలదు. ప్రతి రాష్ట్రం, ప్రతి దేశం తన దగ్గర బంధువులున్నవాళ్లకు, పని దొరికినవాళ్లకు, చికిత్స అవసరమైనవాళ్లకు తలుపు మూయకూడదన్న కనీస నియమం ఉండాలి. డబ్బు చెల్లించినవాడికి ఆ నియమం నుంచి మినహాయింపు ఉండకూడదు. అయితే మనస్సాక్షి కోసం మనుషులను సమానంగా వెదజల్లాలన్న రెండో కొసకు పోతే దండకారణ్యమే మిగులుతుంది. కాందిశీకుడికి కావలసింది మన పశ్చాత్తాపం కాదు, తన పిల్లలకు బడి, తన చేతులకు పని. అవి ఎక్కడ దొరుకుతాయో తెలిసింది అతనికే. ఖర్చును లెక్కగట్టే పని ప్రభుత్వాలది.

రెండో అభ్యంతరం విడపనకల్లు లాంటి ఊళ్ల నుంచే వస్తుంది. మాకే తాగడానికి నీళ్లు లేవు, మేమే బెంగళూరుకు, బళ్లారికి వలసపోతున్నాం, మాకెందుకు ఇంకొకరి భారం అంటారు. దీనికి జవాబు ఉపన్యాసం కాదు, లెక్క. వంతు కొలవడానికి జనాభా ఒక్కటే చూస్తే కరువు జిల్లాకు అన్యాయం జరుగుతుంది. ఆదాయం, నీటి లభ్యత, ఇప్పటికే మోస్తున్న భారం చూస్తే దాని వంతు న్యాయంగానే చాలా తగ్గుతుంది. 1971 నాటి 5 పైసలు అందరికీ ఒకటే కాబట్టి పేదవాడి మీద కాస్త బరువే; మరింత మంచి ఏర్పాటు ఆదాయాన్ని బట్టి వసూలు చేస్తుంది. కానీ సున్నా వంతు అడగడం మన స్వార్థానికే చేటు. ధాత కరువులో ఈ సీమవాళ్లే ఇంకొకరి తలుపు ముందు నిలబడ్డారు. వాతావరణం మరింత పాడైతే రేపు నిలబడేదీ ఈ సీమవాళ్లే కావచ్చు. ఉమ్మడి నిధిలో వంతు వేసినవాడికే దాని మీద హక్కుగా అడిగే గొంతు ఉంటుంది.

మూడో అభ్యంతరం రాజకీయమైంది. భారత్ ఒక దేశం, ఢిల్లీలో ఒక ఖజానా ఉంది కాబట్టి 1971 సాధ్యమైంది. యూరప్‌లో 27 దేశాలున్నాయి, వాటి మీద ఎవరూ పన్ను వేయలేరు అంటారు. దీనికి తుంగభద్రే జవాబు. 1945లో ఆనకట్టకు శంకుస్థాపన చేసిన రెండు ప్రభుత్వాల మీద ఉమ్మడి ఖజానా లేదు. ఒక ఉమ్మడి అవసరం ఉంది, అంతే. సార్వభౌమాధికారం లేనివాళ్లే కాదు, ఉన్నవాళ్లూ ఒప్పందం చేసుకుంటారు. యూరప్ తానే దాన్ని రుజువు చేసింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన పది రోజుల్లోపే, 2022 మార్చిలో, 2001 నాటి తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని తొలిసారి అమలులోకి తెచ్చింది. వచ్చినవాళ్లను వాటాలుగా విడదీయలేదు. 40 లక్షల మందికి పైగా తమ బంధువులు, భాష, పని దొరికే దేశానికి స్వేచ్ఛగా పోయారు. జర్మనీ, పోలండ్ అత్యధికంగా తీసుకున్నాయి. జనాభాతో పోలిస్తే చెక్ దేశం ముందు నిలిచింది. 2015 పథకం కింద ఒక్కరినీ తీసుకోని పోలండ్ ఇప్పుడు లక్షల మందిని ఆదరించింది. ఇందులో చర్మం రంగు, మతం పట్ల పక్షపాతం ఉందన్నది నిజమే, దాన్ని దాచకూడదు. కానీ ఎంపిక మనిషికే వదిలితే వ్యవస్థ కుప్పకూలుతుందన్న భయం మాత్రం అబద్ధమని తేలింది.

2024 మేలో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన కొత్త వలస ఒప్పందం ఆ అనుభవం నుంచి కొంత నేర్చుకుంది. 2026 జూన్ నుంచి అమలయ్యే ఈ చట్టం ప్రకారం ప్రతి దేశం కాందిశీకులను తీసుకోవడమో, ఒక్కొక్కరికి 20,000 యూరోలు చెల్లించడమో, సిబ్బంది, సామగ్రి పంపడమో ఎంచుకోవచ్చు. ఏమీ చేయకుండా మాత్రం ఉండకూడదు. ఇది నా వాదనకు దగ్గరగా ఉంది. రెండు లోపాలు మాత్రం మిగిలాయి. ముందుగా వచ్చిన దేశమే బాధ్యత వహించాలన్న పాత సూత్రం చాలావరకు అలాగే నిలిచింది. డబ్బు కట్టిన దేశం తలుపు మూసుకోవచ్చు. మొదటి లోపం హద్దు ఊరిని మళ్లీ ఒంటరిని చేస్తుంది. రెండోది చెక్కు రాసినవాడిని తప్పించుకోనిస్తుంది. కరువు బీమా నిధి అఫ్గాన్ దారి పట్టిన సంగతి తెలిసిన మనం, ఈ డబ్బు శిబిరం వంటగదికి చేరుతోందా, సరిహద్దు కంచెలకు పోతోందా అని అడిగి తీరాలి.

మన దేశమూ ఇతరులకు నీతులు చెప్పే స్థితిలో లేదు. 1951 నాటి కాందిశీకుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. సొంత కాందిశీక చట్టమూ లేదు. ప్రతిసారీ ఎవరు వచ్చారు, ఏ మతంవాళ్లు, ఎన్నికలు ఎప్పుడు అన్న దాన్నిబట్టి నిర్ణయం మారుతుంది. తమిళనాడు, మిజోరం, జమ్మూ, ఢిల్లీ ఏవి దగ్గరుంటే అవి మోస్తాయి, తక్కినవి చూస్తాయి. 1971లో చేసినదాన్ని చట్టంగా నిలబెట్టి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. ఆ చట్టంలో ఉండాల్సినవి మూడే. కాందిశీకుల కోసం ఏటా నిండే, వేరే ఖాతాకు మళ్లించలేని ఉమ్మడి నిధి ఒకటి. ఆదాయాన్ని, నీటిని, ఇప్పటికే మోస్తున్న భారాన్ని చూసి ఏటా సరిచేసే వంతు రెండోది. వచ్చినవాళ్లకు పని, బంధువులు ఉన్నచోటికి పోయే స్వేచ్ఛ మూడోది. ఆ మూడూ ఉంటే హద్దున ఉన్న ఊరు తలుపు తీయడానికి భయపడదు, ఎందుకంటే పొద్దున పోసే గంజి ఖర్చు సాయంత్రానికి దేశం ఖాతాలోకి చేరుతుందని దానికి తెలుసు. ధాత కరువులో ప్రాణాలు తీసింది వాన లేమి ఒక్కటే కాదు. ఎవరు భరించాలో తేల్చకుండా గడిపిన నెలలు కూడా. ఆ లెక్క ఉపద్రవం రాకముందే తేల్చుకోవడం కలిసి బతకాలనుకునే ఏ దేశమైనా, దేశాల కూటమైనా చేయాల్సిన మొదటి పని.